గచ్చిబౌలిలో మోటర్లు కాలిన రోజులు

గచ్చిబౌలిలో ఒకప్పుడు మోటర్లు కాలేవి అంటే, ఇవాళ అక్కడ ఫ్లైఓవర్ దిగి ఆఫీసుకు పోయేవాళ్ళు నమ్మరు. బావి మోటర్లు, బోరు మోటర్లు, పశువుల గడ్డికి నీళ్ళు పెట్టే మూడు హెచ్‌పీవి, వరిమడికి పెట్టే ఐదు హెచ్‌పీవి. ఎండాకాలం వచ్చిందంటే ఎడ్లబండి మీదో, సైకిలు క్యారియర్‌కు కట్టుకునో ఎవరో ఒకరు మోటరు తెచ్చి మా నాయిన వైండింగ్ షాపు ముందు దించేవాళ్ళు. దించీ దించగానే అడిగే మాట కూడా ఒక్కటే. "రేపటికల్లా అయితదా పటేలా?"

షాపంటే రేకుల కొట్టం. గచ్చిబౌలి నుంచి లింగంపల్లి పోయే పాత బొంబాయి రోడ్డు పక్కన ఉండేది. 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీకి అక్కడ 2,300 ఎకరాలు ఇచ్చారు కాబట్టి దారి పొడుగునా బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, మధ్యలో ఎప్పుడో ఒక బస్సు. చీకటి పడితే ఆడపిల్లలం రోడ్డు దాటేవాళ్ళం కాదు. మాదాపూర్, ఖానామెట్, కొండాపూర్, కొత్తగూడ, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, అన్నీ ఊళ్ళే. ప్రతి ఊరికీ ఒక చెరువో కుంటో, దాని కింద కొంత వరి, చెరువు అందని చోట బోరు. మా నాయినకు గిరాకీ ఇచ్చింది ఆ బోర్లే.

మోటర్లు ఎందుకు కాలేవో చెబితే ఆ కాలం సంగతి సగం చెప్పినట్టే. ఎన్టీఆర్ హయాంలో వ్యవసాయ కరెంటుకు హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలు కట్టే పద్ధతి ఉండేది. ఐదు హెచ్‌పీ మోటరుకు 250 రూపాయలు కడితే ఎంత తోడుకున్నా అడిగేవాడు లేడు. బోర్లు పెరిగాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద అందరూ ఒకేసారి మోటర్లు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గితే మోటరు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ లాగితే వేడెక్కుతుంది. దీనికి తోడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫ్యూజుల్లో ఒకటి పోయిందనుకోండి. నడుస్తున్న మోటరు ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదే మూలుగుతూ తిరుగుతుంది. దాన్ని ఆపడానికే స్టార్టర్‌లో రిలే ఉంటుంది. కానీ మాటిమాటికీ ఆగిపోతున్నదని రైతు ఆ రిలేను తీగముక్కతో కట్టేసి ఉంటాడు. రాత్రి ఎప్పుడో ఇచ్చే కరెంటుకు మోటరు దానంతటదే మొదలు కావాలని ఆటో స్టార్టర్ పెట్టి ఇంట్లో పడుకుంటాడు. తెల్లారి పోయి చూస్తే మడి ఎండి ఉంటుంది, మోటరు కాలి ఉంటుంది.

నాయిన ఈ పని రాణిగంజ్‌లో నేర్చుకున్నాడు. మోటర్లకు, బేరింగులకు, పంపులకు సికింద్రాబాద్‌లో అప్పుడూ ఇప్పుడూ రాణిగంజే. అక్కడ ఒక ఉస్తాద్ దగ్గర మొదట చాయ్ తెచ్చి, తర్వాత కాలిన రాగి పీకి, ఆ తర్వాత ఎప్పటికో కాయిల్ చుట్టే దాకా వచ్చాడట. ఉస్తాద్ ఉర్దూలో నేర్పింది నాయిన మాకు తెలంగాణ తెలుగులో నేర్పాడు. ఒక్క మాట మాత్రం మార్చలేదు. "పహ్లే దేఖ్, బాద్ మే ఖోల్." ముందు చూడు, తర్వాత విప్పు అని. ముందు చూడకుండా పానా పట్టుకుంటే చేతి మీద ఒకటి పడేది.

చూడడమంటే ఏమిటో ఒక మోటరు దగ్గర చెబుతాను. వెనక కవరు, ఫ్యాను, కప్పు విప్పి రోటరు బయటికి లాగితే స్టేటరు లోపల వైండింగ్ కనిపిస్తుంది. కాలిన వార్నీషు వాసన ముందే చెప్పేస్తుంది కాలిందని. ఎట్లా కాలిందో చెప్పాల్సింది కన్నే.

"ఏమున్నది బిడ్డా?"

"నల్లగున్నది నాయినా."

"అంతటా నల్లగున్నదా, జాగ జాగకు నల్లగున్నదా?"

అంతటా సమానంగా మాడితే లోడు ఎక్కువైంది, లేదా వోల్టేజీ తక్కువైంది. ఒక్క చోటే పేలినట్టు ఉంటే అక్కడ తీగకు తీగ తగిలింది, లేదా ఇన్సులేషన్ కాగితం చిరిగి తీగ బాడీకి తగిలింది. నల్ల కట్టలు, ఎర్ర కట్టలు ఒకదాని తర్వాత ఒకటి వరసగా కనిపిస్తే సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయి మిగిలిన రెండింటి మీదే నడిచిందన్నమాట. కాయిళ్ళను స్టార్ పద్ధతిలో కలిపిన మోటరైతే రెండు ఫేజుల కాయిళ్ళు మాడి మూడోది కొత్తదానిలా మెరుస్తుంటుంది. డెల్టా అయితే ఒక్క ఫేజే మాడి రెండు మిగులుతాయి. ఇది తెలిశాక ఇంకో పని ఉంది. రైతును కూర్చోబెట్టి, "నీ స్టార్టర్ల తీగ ఎవరు కట్టిండ్రు?" అని అడగడం. ఆయన నవ్వి తల గోక్కునేవాడు. మోటరు లోపల చూసి పొలంలో జరిగింది చెప్పగలగడం నాకు అప్పట్లో మంత్రంలా ఉండేది. అది మంత్రం కాదని, ఎవరికైనా వస్తుందని నాయిన నాతోనే చెప్పించేవాడు, రైతు ముందరే. పదేళ్ళ ఆడపిల్ల స్టార్ డెల్టాలు చెబుతుంటే కొందరికి ముచ్చట, కొందరికి నచ్చేది కాదు.

ఇల్లంతా ఆ పనిలోనే ఉండేది. అమ్మ ఇన్సులేషన్ కాగితాన్ని స్టేటరు లోపలి గాడి, అంటే స్లాటు, కొలతకు కోసి, అంచులు మడిచి కట్టలు కట్టేది. వెదురు బద్దలు చీల్చి నున్నగా గీకేది కూడా ఆమే. తమ్ముడికి కాలిన రాగి పీకే పని. స్టేటరుకు ఒక పక్క కాయిళ్ళ తలలు ఉలితో నరికి, రెండో పక్క నుంచి పకడ్‌తో పట్టి లాగాలి. దానికి బలం కావాలి, వాడికి అది ఇష్టం. అన్నీ పీకేముందు మాత్రం ఒక కాయిల్‌ను నాయిన చేతికివ్వాలి. తెగిన తీగల కొసలు లెక్కపెడితే చుట్లెన్నో తెలుస్తుంది. ఒక పోగును గేజ్ ప్లేటు గాట్లలో పెట్టి చూస్తే తీగ గేజు తెలుస్తుంది. అవన్నీ ఒక అట్టల పుస్తకంలో రాయాలి: కంపెనీ, హెచ్‌పీ, స్లాట్లు, పిచ్, చుట్లు, గేజు. 24 స్లాట్ల మోనోబ్లాక్ అయితే "1-12, 2-11" అని నేను రాసేదాన్ని. అంటే ఒక కాయిల్ ఒకటో స్లాటులో దిగి పన్నెండోదాంట్లో లేస్తుంది, దాని లోపలిది రెండులో దిగి పదకొండులో లేస్తుంది. నాయినకు చదువు తక్కువ, అంకెలు మాత్రం తప్పేవి కావు. ఆ పుస్తకమే మా షాపు ఆస్తి. పక్క ఊరి మెకానిక్కులు వచ్చి ఒక పేజీ చూసుకుని పోతామని బతిమాలేవాళ్ళు. నాయిన చూపించేవాడు. అమ్మకు అది ఇష్టం ఉండేది కాదు.

కాయిళ్ళు దించే పని నాది. ఫర్మా అనే అచ్చు మీద చుట్టిన కాయిల్‌ను దారంతో కట్టి, స్లాటు నోట్లోంచి నాలుగైదు పోగుల చొప్పున లోపలికి జారవిడవాలి. స్లాటు నోరు సన్నం, అందుకే చిన్న వేళ్ళు పనికొస్తాయి. గోరు తగిలినా, స్లాటు అంచు తగిలినా తీగ మీది ఎనామిల్ గీరుకుపోతుంది. కంటికి కనపడదు. వార్నీషు పోసి, ఆరబెట్టి, కరెంటు ఇచ్చాక బయటపడుతుంది, అప్పుడు మొత్తం పీకాల్సిందే. కాబట్టి ప్రతి కాయిల్ దిగాక సీరీస్ బల్బు పెట్టి చూసుకోవాలి. ఒక వైరు కాయిల్ కొసకు, ఇంకొకటి బాడీకి. బల్బు వెలగకూడదు. పిల్లలం బల్బు వెలగకపోతే సంబరపడింది అక్కడే. చివర బద్ద దోపి, తలలను కాటన్ టేపుతో చుట్టి, వార్నీషు పోసి, స్టేటరు లోపల రెండువందల వాట్ల బల్బు వేలాడదీసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఆరేది.

లెక్కలు కూడా షాపులోనే వచ్చాయి. 6205 బేరింగు అంటే చివరి 05ను ఐదుతో హెచ్చవేస్తే 25, అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6306 అయితే 30. నాలుగో నంబరు నుంచి పైకి ఈ లెక్క తప్పదు. ఐదో ఎక్కం నాకు బళ్ళో కంటే బేరింగుల డబ్బాలోనే ముందు వచ్చింది. బేరింగు పోయిందో లేదో తెలియడానికి పేచ్‌కస్ మొనను తిరిగే మోటరు కప్పుకు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకోవాలి. మంచి బేరింగు ఒకే తీరుగా ఊదుతుంది. పోయింది గరగరమంటుంది. ఆదివారాలు ఎర్రగడ్డ సంతకు పోతే పాత పానాలు, బేరింగు పుల్లర్లు, ఎవరో ఫ్యాక్టరీ మనిషి వాడి అమ్మేసిన మైక్రోమీటర్లు దొరికేవి. నాయిన బేరమాడే ముందు నా చేతికిచ్చి తెరిచి మూయమనేవాడు. వదులుందో బిగుసుందో చెప్పాల్సింది నేను.

ఇదంతా చదివి ఎంత బాగుండేవో ఆ రోజులని అనుకోవద్దు. వార్నీషు పొగకు నాయినకు దగ్గు పట్టుకుంది, ఎన్నడూ పూర్తిగా పోలేదు. రైతు డబ్బు పంటకు ఇచ్చేవాడు, పంట పోతే ఇచ్చేవాడు కాదు, అడగడానికి నాయినకు నోరు వచ్చేది కాదు. రాగి తీగ మాత్రం కిలోల లెక్కన నగదు పెట్టే తేవాలి. పరీక్షల ముందు రాత్రి కూడా రెండు మోటర్లుంటే అవే ముందు. పని నేర్పినవాడే, ఈ పని చేయొద్దని కూడా రోజూ చెప్పేవాడు. "నేర్సుకో, కని దీనిమీద బతకకు." ఆ మాటలోని రెండు ముక్కలూ నిజమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఇంటిది ఒంటరి కథ కూడా కాదు. హైదరాబాద్ పడమటి వైపంతా అప్పుడు చేతిపని మనుషులదే. సనత్‌నగర్‌లో 1942 నాటి ఆల్విన్, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, ఐడీపీఎల్, పనిముట్ల డిజైన్ నేర్పడానికి 1968లో పెట్టిన సీఐటీడీ, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఆ పైన పటాన్‌చెరు. ఈ ఫ్యాక్టరీల చుట్టూ లేతు మిషన్లు పెట్టుకున్న చిన్న షెడ్లు వందలు. ఐటీఐలో ఫిట్టరో టర్నరో చేస్తే పెళ్ళి సంబంధం వచ్చే రోజులు. బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌లో నా స్నేహితురాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్నలు లోపల టర్బైన్లు చేసేవాళ్ళు, గేటు దాటి పిల్లలు ఎప్పుడూ పోలేదు. కానీ ఆదివారం పొద్దున క్వార్టర్ల ముందు వరసగా స్కూటర్లు పడుకోబెట్టి ఉండేవి. ప్లగ్గు విప్పి ఎమెరీ కాగితంతో మసి గీకడం, పాయింట్ల గ్యాపు చూడడం, కార్బొరేటర్ జెట్టును ఊది కడగడం, పక్కన కూర్చున్న పిల్లలకు ఇవన్నీ అడగకుండానే వచ్చేవి. ప్లగ్గు మొన తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నదని, ఇటుక రంగుకు తిరిగితే సరిగ్గా ఉందని ఆ ఇళ్ళల్లో ఆడపిల్లలకూ తెలుసు.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనాన్ని ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2001లో బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ, 2002లో జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలి స్టేడియం. ఈ సైబరాబాద్ వచ్చి మా పని ఎత్తుకుపోయిందని చుట్టాలు అంటుంటారు. అది తప్పు. పొలాలు పోయిన మాట నిజం. 2004లో ఉచిత విద్యుత్తు ఫైలు మీద వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేసేనాటికి మా చుట్టుపక్కల దాన్ని వాడుకునే మడే పెద్దగా మిగల్లేదు. కానీ ఆ టవర్లు లేచిన మొదటి పదేళ్ళు మా షాపు అంత గిరాకీ ఎన్నడూ చూడలేదు. బండలు పేల్చిన గుంతల్లో నీళ్ళు తోడే పంపులు, కాంక్రీటులో దించే వైబ్రేటర్ల మోటర్లు, మిక్సర్లు, కోత మిషన్లు, కూలీల గుడిసెల్లో టేబుల్ ఫ్యాన్లు, అన్నీ కాలేవి, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. మేస్త్రీలు రైతుల్లా కాదు, నగదు ఇచ్చేవాళ్ళు.

అపార్ట్‌మెంట్లు వచ్చాక బోర్లు వందల అడుగులు దిగాయి, పైన పెట్టే మోటర్లు పోయి లోపల దించే సబ్‌మెర్సిబుళ్ళు వచ్చాయి. వాటి వైండింగ్ వేరు. లోపల నీళ్ళుంటాయి కాబట్టి ఎనామిల్ తీగ పనికిరాదు, ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగ కావాలి. వార్నీషు లేదు. కాయిల్‌ను బయట చుట్టి దించడం కుదరదు. పొడుగాటి గొట్టంలా ఉండే స్టేటరులో ఒక్కొక్క పోగును ఈ కొస నుంచి దూర్చి ఆ కొస నుంచి లాగాలి. అందుకు ఇద్దరు కావాలి. యాభై దాటిన వయసులో నాయిన ఆ పని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. అవతలి కొసన కూర్చున్నది నేను. అప్పటికి డిగ్రీ అయి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఆయన పోగు తోసేవాడు, కొస కనిపించగానే నేను పట్టి లాగేదాన్ని. తొడుగు గీరుకోకుండా తీగకు సబ్బు రాసేవాళ్ళం. మధ్యలో స్టేటరు ఉండేది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనపడేది కాదు. మాటలు మాత్రం ఆ గొట్టం గుండా నడిచేవి. ఊళ్ళో భూములు అమ్మినవాళ్ళ సంగతి, అమ్మనివాళ్ళ సంగతి, తమ్ముడు కారు కొనుక్కుని కంపెనీ క్యాబు తిప్పుతానంటున్న సంగతి. ఒక చుట్టు పూర్తయితే ఇద్దరిలో ఒకరు పైకి అనాలి. "ముప్పై నాలుగు." "ముప్పై ఐదు." ఎంత పెద్ద ముచ్చటైనా ఆ అంకె దగ్గర ఆగి మళ్ళీ మొదలయ్యేది.

షాపును చివరికి ముంచింది టవర్లు కాదు, వారంటీ కార్డు. మోటరు కాలితే కంపెనీ మనిషి వచ్చి కొత్తది పెట్టి పోతాడు. పెద్ద భవనాలు ఏడాదికింతని మెయింటెనెన్సు ఒప్పందాలు రాసుకున్నాయి, వాళ్ళ మోటర్లు రోడ్డు పక్క రేకుల కొట్టానికి రావు. మిక్సీ, టేబుల్ ఫ్యాను బాగుచేయించే ఖర్చుకు ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టం పోయింది. దాని గురించి నాయిన పెద్దగా బాధపడలేదు. అట్టల పుస్తకాన్ని లింగంపల్లిలో ఒక కుర్ర మెకానిక్కుకు ఇచ్చేశాడు. ఈసారి అమ్మ ఏమీ అనలేదు.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చేరాను. తప్పు ఎక్కడుందో వెతకడమే పని. నాయిన వరస ఇక్కడా పనికొచ్చింది. "ముందుగాల కరెంటు సూడు, తర్వాత జాయింటు సూడు, మోటరు ఇప్పేది ఆఖర్ల." పది ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అసలు ప్రోగ్రాముది కాదు, దాని బయట ఎక్కడో అతుకుది. అయితే నా కొడుక్కి నేను ఏం చేస్తానో తెలియదు. అమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతుంది, అంతే. ఆ పనిలో వాడికి ఇవ్వడానికి ఒక కొస లేదు. నాయిన నాకు నేర్పిన దాంట్లో నాయిన గొప్పతనం ఎంతుందో అంతకంటే ఎక్కువగా ఆ పని ఆకారానిది ఉంది. అది కళ్ళ ముందు జరిగేది. చిన్న వేళ్ళకు కూడా అందులో అవసరం ఉండేది. పిల్లలతో సమయం గడపండి అని ఇప్పుడు పుస్తకాలు రాస్తున్నారు. మా నాయిన నాతో సమయం గడపాలని ఒక్కరోజూ అనుకుని ఉండడు. ఆయనకు అవతలి కొస పట్టుకునేవాళ్ళు కావాలి, అంతే. ఆ అవసరం లేకుండా కావాలని నేర్పించే పని చాలా కష్టం. ప్రయత్నిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ఒకటి తెరిచింది. మంచిదే. కానీ హక్కు ఉన్నా విప్పే చెయ్యి కావాలి కదా. లింగంపల్లి, చందానగర్, మియాపూర్ సందుల్లో వైండింగ్ షాపులు ఇంకా ఉన్నాయి. సీలింగ్ ఫ్యాన్లు, అపార్ట్‌మెంటు బోరు మోటర్లు చేస్తున్నారు. పని నేర్చుకోవడానికి పిల్లలు రావడం లేదన్నదే అందరి మాట.

అందుకని ఈ చిన్న సంగతి చెప్పి ఆపుతాను. మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను బాగా నెమ్మదించినా, చేత్తో తోస్తే తప్ప మొదలు కాకపోయినా, చాలాసార్లు పోయేది దాని కెపాసిటరే. మామూలు ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్‌ది వస్తుంది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఇది వర్తించదు, వాటికి లోపల బోర్డు ఉంటుంది. మెయిన్ ఆపి, స్టూలు వేసుకుని, ఫ్యాను కడ్డీకి ఉన్న గిన్నెను జరిపితే కెపాసిటర్ కనిపిస్తుంది. రెండు వైర్లే. అది మార్చినా తిరగకపోతే పాత సామాన్లవాడికి వేయకండి, దగ్గర్లోని వైండింగ్ షాపుకు తీసుకుపోండి. పిల్లల్ని వెంట తీసుకుపోండి. విప్పేటప్పుడు కాసేపు అక్కడే నిలబడనివ్వమని మెకానిక్కును అడగండి, ఎవరూ కాదనరు.